గుండ్రంగా రాని బ్యాడ్జి

మా మావయ్య దర్జీ. పన్నెండో ఏట కత్తెర పట్టాడు. ఎవరు కుట్టిన చొక్కా చేతికొచ్చినా ముందు తిరగేసి లోపలి వైపు చూస్తాడు. కుట్టినవాడి సంగతంతా అక్కడే తెలుస్తుందంటాడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను ఆయన కొట్లో కాజాలు కుడుతున్నాను.

పోయిన నెల ఆయన పాత ఎంబ్రాయిడరీ మిషను ఒకటి తెచ్చాడు. పక్క వీధి బడివాళ్ళు పిల్లల చొక్కాలన్నిటికీ జేబు మీద బ్యాడ్జి కావాలన్నారు. గుండ్రటి గీత, మధ్యలో తెరిచిన పుస్తకం. నమూనా నచ్చితే పని మాకు, లేకపోతే బజారులోని పెద్ద షాపుకి. ఆ పని రాకపోతే మిషను తిరిగిచ్చేయాల్సిందేనని అత్తయ్య ముందే చెప్పేసింది.

మిషనుకు బొమ్మ నేర్పాలంటే కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ ఉండాలి. అమ్మేవి ఉన్నాయి గానీ, మా ఇంటి పాత కంప్యూటరులో నేను ఎక్కించింది ఊరికే దొరికేది. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, వాడుకోండి, మార్చుకోండి అని వదిలేశారట. ఊరికే ఇస్తే వాళ్ళకేం ఒరుగుతుందని మావయ్య రెండు రోజులు అడిగాడు.

తెర మీద సున్నా చక్కగానే గీశాను. మిషను కుట్టేసరికి కోడిగుడ్డయింది. మళ్ళీ కుట్టాం, మళ్ళీ గుడ్డే. తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనుకున్నాను. మావయ్య నమూనాను తిరగేసి, వేలితో తడిమి, కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూ కూర్చున్నాడు.

"రేపు నమూనా చూడ్డానికి బడి పెద్ద టీచరు వస్తుంటే, మీరు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నారా?" అంది అత్తయ్య.

"ఈక దొరికిందిలే," అన్నాడు మావయ్య.

దారం అడ్డంగా వెళ్ళి వస్తూ బట్టను లోపలికి లాగుతోంది. అందుకే సున్నా సన్నబడుతోంది. చేత్తో కుడితే ఆ లాగుడు వేళ్ళే చూసుకుంటాయి, మిషనుకు వేళ్ళు లేవు కదా. సున్నాను కాస్త అడ్డంగా సాగదీయమన్నాడు. ఎలాగా అని వెతుకుతుంటే తెర మీద ఒక మూల అంకె వేసే చిన్న గడి కనిపించింది. బట్ట ఎంత లాక్కుంటుందో అంత వెడల్పు కలపడానికే పెట్టారు దాన్ని. చెప్పగానే మావయ్య కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.

"ఇది రాసినవాడు దర్జీనా అమ్మలూ?"

దీని లోపలి వైపు చూడనిస్తారా అని అడిగాడు. వాళ్ళు ఏమీ దాచలేదు, రాసిందంతా తెరిచాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు వచ్చింది కొంచెమే. అయినా వరుస వెంట వరుస కిందికి జరిపించి, దారం ఎక్కడుంది, సూది ఎక్కడుంది అని అడిగాడు. దారం మూడుచోట్ల దొరికింది. ఒకచోట, తమలో తాము చెప్పుకున్నట్టు, ఈ లెక్క సాగే బట్టకు ఇంకా కుదరడం లేదని రాసి ఉంది. కూడబలుక్కుని చదివి చెప్పాను. అప్పుడు నమ్మాడు మావయ్య. కుదరనిది కుదరలేదని చెప్పేవాళ్ళతో పని చేయొచ్చట.

గడిలో అంకె వేసి కుట్టాం. మర్నాడు పెద్ద టీచరు చేతి గాజు తీసి బ్యాడ్జి మీద పెట్టింది. అంచుకు అంచు సరిపోయింది. సోమవారం నుంచి చొక్కాలు పంపుతామంది. అత్తయ్య ఆవిడకు కుర్చీ వేసి, మిషను మీద దుమ్ము తన కొంగుతోనే తుడిచింది.

మావయ్య అప్పటికే లోపల సాగే బట్ట ముక్కలు ఏరుతున్నాడు. ఎంత కలిపితే కుదురుతుందో మనమే కుట్టి చూసి ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళకు రాద్దామన్నాడు. ఇప్పటికి ఏడు సున్నాలు కుట్టాం. ఐదు గుడ్లే.