వాగు మీదుగా ఎగిరిన కారు

నేను మార్కాపురంలో టాక్సీ నడుపుతాను. నా భార్య చిన్నప్పుడు పామూరులో వాళ్ళ నాన్న పక్కన కూర్చుని చూసిన ఒక పాత డిటెక్టివ్ సీరియల్‌ను ఈ మధ్య ఫోనులో మళ్ళీ చూడడం మొదలుపెట్టింది. అందులో హీరో కారును వాగు మీదుగా ఎగిరించి అవతలి గట్టున దించుతాడు. అప్పుడు ఆమె ముఖంలో వచ్చే వెలుగు చూస్తే నాకు ఒళ్ళు మండేది. గుంతలన్నీ తప్పిస్తూ, కడుపులో చల్ల కదలకుండా గిద్దలూరు దాకా తీసుకెళ్ళే నన్ను ఆమె ఏనాడూ అలా చూడలేదు.

ఒక ఆదివారం ఇక ఉండబట్టలేకపోయాను.

"అట్ల దూకితే కారు ముక్కలైపోతాది. ముందద్దం పగిలింది గదా, కింద పడేలోపల ఎట్ల అతుక్కునింది?"

ఆమె నవ్వింది. "అది నాయన అప్పుడే చెప్పినాడు. ఎగిరింది తెల్ల కారు, దిగింది పసుపు కారు అని గూడా చెప్పినాడు. ఇది చూస్తాంటే నాయన పక్కనే ఉన్నట్టుంటాది."

హీరో మీదున్న అసూయ కాస్తా, ఎప్పుడో పోయిన మామ మీదికి మళ్ళింది. ఆయన కంటపడని తప్పు ఒక్కటైనా పట్టాలని పంతంగా ఆమె పక్కన కూర్చున్నాను. చివరికి దొరికింది. కారెక్కేటప్పుడు హీరో ఎడమ చేతికున్న గడియారం, దిగేటప్పటికి కుడి చేతికి మారింది.

"అబ్బ! ఇది నాయన గూడా చూళ్ళేదు!" అంటూ ఆమె వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. ముఖంలో అదే వెలుగు.

"ఇంకోటి ఉందేమో చూడు" అని ఫోను నా చేతిలో పెట్టింది.