డెల్బర్ట్ సీటుకు గిరాకీ

మా ఊళ్లో దంపతులు విడిపోతే ఇల్లు ఎవరికన్న గొడవ ఒక పూటలో తేలిపోయేది. కాలేజీ బాస్కెట్‌బాల్ సీట్లు ఎవరికన్నది మాత్రం కోర్టులో ఏడాది నలిగేది. పెద్దవాళ్లు వీలునామాలో పొలం కంటే ముందు సీట్లు రాసేవాళ్లు. ఇప్పుడీ మాట చెబితే కుర్రకారు నవ్వుతారు. నవ్వనివ్వండి. దక్షిణ ఇండియానాలో సున్నపురాతి గనులు, మొక్కజొన్న, చలి తప్ప మరేమీ లేని ఊరికి నవంబరు నుంచి మార్చి దాకా బతకడానికి ఏదో ఒక సాకు కావాలి. మా సాకు కాలేజీవాళ్లు బాస్కెట్‌బాల్ ఆడే ఆ రాతి హాలు.

ఆర్లీన్ స్టక్కీకి ఆ హాల్లో రెండు సీట్లుండేవి. కింది అంచెలో, మెట్ల పక్కన. ఒకటి ఆమెది, ఒకటి భర్త డెల్బర్ట్‌ది. ఆమె కిరాణా సూపర్‌మార్కెట్లో కేకుల మీద క్రీముతో పేర్లు రాసేది. ఊళ్లో సగం మంది పుట్టినరోజులు ఆమె చేతి మీదుగా జరిగినవే. డెల్బర్ట్ చలికాలం కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. పొడుగు మనిషి, మాట తక్కువ. మెట్ల పక్క సీటు అతనిదే. కాళ్లు చాపుకోడానికి, అనేవాడు. మేం వాళ్ల వెనక వరసలో కూర్చునేవాళ్లం కాబట్టి వాళ్ల కాపురం సగం మాకు వినబడుతూనే జరిగింది.

డెల్బర్ట్‌కు ఒక అలవాటుండేది. బంతి వలలో పడగానే హాలంతా ఒక్కసారి లేచి అరిచేది. అతను ఒక్క క్షణం ఆగి లేచేవాడు, ఆగి అరిచేవాడు.

"మంచుబండి ఇప్పుడు బయల్దేరిందిరోయ్!" అనేవాడు మా వరసలోని బర్ల్. గనిలో ఫోర్‌మన్‌గా చేసిన మనిషి, గొంతు తగ్గించడం తెలీదు.

"ఎప్పుడు తెల్లారుతుందయ్యా నీకు?" అని ఆర్లీన్ మొగుణ్ణి మోచేత్తో పొడిచేది.

"నువ్వు పేకాటకి పనికిరావే ఆర్లీన్. స్కోరంతా నీ మొహమ్మీదే ఉంటుంది," అనేవాడతను, సంబంధం లేకుండా. మేం నవ్వేవాళ్లం. మెల్లగా వెలిగే బుర్ర అనుకునేవాళ్లం.

ఇంకో మొండిపట్టు కూడా ఉండేది. ఒక ఏడాది ఆర్లీన్‌కు మోకాలు వాచింది. మెట్ల పక్కన కూర్చుంటానంది.

"వద్దు. సీటు మారితే ఆట పోతుంది."

"నా మోకాలు పోయినా ఫర్వాలేదా?"

"మోకాలికి డాక్టరున్నాడు. ఆటకి ఎవరున్నారు?"

మా హాల్లో ఇలాంటివి వింత కాదు. గెలిచినన్నాళ్లూ సాక్సు ఉతకని మనిషి ఉన్నాడు. ఆటగాడు ఫ్రీ త్రో వేసేటప్పుడు తను ఊపిరి బిగబట్టి ఒకసారి స్పృహ తప్పిన ఆవిడ ఉంది. ఈ నమ్మకాల మీద నాకు రవ్వంత గౌరవం లేదు. కాని ఆట మధ్యలో వాటికి ఎదురు చెప్పిన మొనగాణ్ణి ఇంతవరకు చూడలేదు. ఆర్లీన్ నోరు మూసుకుని వాచిన మోకాలితోనే తన సీట్లో కూర్చుంది.

డెల్బర్ట్ ఒక ఆగస్టు ఎండల్లో పోయాడు. మంచు తోసే మనిషి ఎండాకాలంలో పోవడమేమిటని బర్ల్ అంత్యక్రియల్లో అంటే, ఆర్లీనే మొదట నవ్వింది.

ఆమె రెండు సీట్లూ అట్టిపెట్టుకుంది. ఒక్కదానికి రెండెందుకని చర్చి ఆడవాళ్లు అడిగారు. జవాబు ఊరందరికీ తెలిసిందే: రెండోది ఆటాటకీ అమ్ముకుంటారు. ఆ అమ్మకంతోనే రెండు సీట్ల ఖర్చూ గట్టెక్కుతుంది. కాలేజీ వాళ్లు టికెట్ ధర కాక ఏటా డొనేషన్ అని ఒకటి పెట్టారు. ఇష్టమైతే ఇవ్వొచ్చు, ఇవ్వకపోతే సీటు ఉండదు. అలాంటి దానం.

అసలు కారణం డబ్బు కాదు. ఆటాటకీ డెల్బర్ట్ సీట్లోకి ఒక కొత్త మనిషి వచ్చేవాడు. ఆర్లీన్ వాళ్లను వదిలిపెట్టేది కాదు. ఏ ఊరు, ఎవరి తాలూకు, పంది మాంసం శాండ్విచ్‌లో ఆవాల ముద్ద వేసుకుంటావా లేదా, పెళ్లయిందా, అయితే పెళ్లాం ఏది, అన్నీ రాబట్టేది. ఇంట్లో మాట్లాడే దిక్కు లేని మనిషికి వారానికి రెండు పూటలు పక్కన ఓ ప్రాణి. భర్త జ్ఞాపకాన్ని పూజించడం గురించి చాలామంది చాలా రాస్తారు. జ్ఞాపకాన్ని అద్దెకిచ్చి, వచ్చినవాణ్ణి కబుర్లలో పెట్టిన మనిషిని నేను ఈమెనే చూశాను.

ఆమెకున్న ఒకే ఫిర్యాదు, వచ్చినవాళ్లు కుదురుగా కూర్చోరని. ఎడమకు వంగుతారు, కుడికి వంగుతారు, విరామంలో లేచి వెళ్లి మళ్లీ రారు.

"ఈ ఇనప స్తంభం అడ్డమొస్తోందమ్మా," అన్నాడు ఒకసారి ఒకాయన. పై అంచెను మోసే పాత స్తంభాల్లో ఒకటి అక్కడ ఉన్నమాట నిజమే.

"మా ఆయన ముప్పై ఏళ్లు కూర్చున్నాడు నాయనా ఆ సీట్లో. ఆయనకి కనబడని స్తంభం నీకెక్కణ్ణుంచి మొలిచింది?"

ఆయన విరామం దాకా కూడా ఉండలేదు.

తర్వాత గిరాకీ పడిపోవడం మొదలైంది. డెల్బర్ట్ సీటొక్కదానికే కాదు, హాలు మొత్తానికి. ఆటగాళ్లు ఏడాదికో కాలేజీ మారుతున్నారు. పేరు నోటికి పట్టేసరికి ఆ కుర్రాడు పక్క రాష్ట్రంలో ఉంటున్నాడు. ఆటలన్నీ టీవీలో వస్తున్నాయి, చలిలో మైలు దూరం కారు పెట్టి నడవాల్సిన ఖర్మ లేదు. ఒకప్పుడు హాలు బయట ఎన్ని కావాలో వేళ్లెత్తి చూపిస్తూ టికెట్లు అడుక్కునే జనం ఉండేవారు. ఇప్పుడు అమ్మేవాళ్లే ఎక్కువ. ఆటలో పేరున్న జట్టు వస్తే తప్ప డెల్బర్ట్ సీటు అమ్ముడయ్యేది కాదు. తర్వాత అదీ పోయింది. ఆర్లీన్ ఆ సీటు మీద తన కోటు పెట్టుకుని కూర్చునేది. కోటుని ఏ ఊరని అడగలేదుగా.

అమ్మే పని మేనకోడలు డార్లా చూసేది. ఇప్పుడు టికెట్లన్నీ ఫోన్లోనే కదా.

"ధర ఇంకా తగ్గించవే."

"తగ్గించానత్తా. ఇంతకన్నా తగ్గిస్తే మనమే ఎదురిచ్చినట్టు."

"అయితే జనానికి ఆటంటే చేదెక్కిందన్నమాట."

"అంతేనేమో," అంది డార్లా, ఫోన్లోకి చూస్తూ.

జనవరిలో ఆర్లీన్ మాకు చెప్పేసింది. ఈ సీజన్లో ఇంక ఒక్కసారి కూడా ఆ సీటు అమ్ముడవకపోతే మార్చిలో వదిలేస్తానని. రెండు సీట్ల డొనేషన్ ఆమె పింఛనులోంచి వచ్చేది కాదు. మాట మామూలుగానే అంది. కాని ఆ రోజు ఆట సగంలో కోటు మడత విప్పి మళ్లీ మడిచింది, మళ్లీ విప్పింది.

ఫిబ్రవరిలో డార్లాకు జ్వరమొచ్చింది. ఆర్లీన్ తనే ఫోన్ పట్టుకుని కూర్చుంది. తెర మీద రెండు సీట్లు కనబడ్డాయి: ఒకటి, రెండు. కాగితం టికెట్ల రోజుల్లో పోస్టులో టికెట్ల అట్ట వచ్చినప్పుడు రెండుగా చించేది ఆమే. మొదటిది తన చేతిసంచిలోకి, రెండోది డెల్బర్ట్ జేబులోకి. ముప్పై ఏళ్ల అలవాటు. హాల్లో ఎవరూ అంకెలు చూడరు, ఎవరి చోటు వాళ్లకి తెలుసు. కాబట్టి ఆమె లెక్కలో ఒకటి తనది, రెండు డెల్బర్ట్‌ది. రెండు నొక్కింది, అమ్మకానికి పెట్టింది, కాఫీ కలుపుకుందామని లేచింది. కాఫీ చల్లారకముందే సీటు అమ్ముడైంది.

ఆ సంబరం చూడాలి. డార్లాకు ఫోన్ చేసి, "నీకు అమ్మడం రాదే, అంతే! నేను పెట్టగానే ఎగరేసుకుపోయారు," అని దెప్పింది. డార్లా ఏదో అనబోయి దగ్గింది. బర్ల్‌కు చెప్పింది, చర్చిలో చెప్పింది. ఆట రోజు పర్సిమన్ పండ్ల పుడ్డింగ్ చేసి డబ్బాలో పట్టుకొచ్చింది, వచ్చేవాడికి పెట్టడానికి.

వచ్చింది వేడ్ గార్వర్ అని పక్క కౌంటీ మనిషి, రాళ్లు కోసే రంపం దగ్గర పనట. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మీరు నా సీట్లో ఉన్నారనుకుంటా."

"ఇది నాది నాయనా. నీది ఆ మెట్ల పక్కది."

"ఇదిగోండి, రెండు అని ఉంది."

ఆర్లీన్ ఫోన్ చూసింది. వంగి, సీటు అంచున రంగు కింద సగం చెరిగిన అంకె చూసింది.

"పర్లేదమ్మా, నేనక్కడ కూర్చుంటా," అన్నాడు వేడ్.

"ఎందుకు కూర్చుంటావ్? డబ్బు పోసి కొన్నావ్. మోసం చేసిందన్న పేరు నాకెందుకు? కూర్చో."

లేచింది. మెట్ల పక్క సీటు ముందు ఒక క్షణం నిలబడింది. సీటు మారితే ఆట పోతుందన్నది మా అందరికీ కంఠతా వచ్చు. ఆమె తన కోటు ఒళ్లో పెట్టుకుని డెల్బర్ట్ సీట్లో కూర్చుంది.

ఎడమవైపు బుట్ట చక్కగా కనబడింది. మనవాళ్లు బంతి పట్టుకుని కుడివైపు పరిగెత్తారు. స్తంభం వెనక్కి వెళ్లారు. పదిమంది మనుషులు, బంతి, బుట్ట, అంతా ఆ ఇనుము వెనక మాయం. ఆమె ఎడమకు వంగింది. కుడికి వంగింది. హాలంతా లేచి అరిచింది. ఆమె ఒక క్షణం ఆగి లేచింది.

"మంచుబండి ఇప్పుడు బయల్దేరిందిరోయ్!" అన్నాడు బర్ల్ వెనక నుంచి. పాత అలవాటుగా నోరు జారిన మాట. అన్నాక అతని మొహం పాలిపోయింది.

ఆర్లీన్ వెనక్కి తిరగలేదు. మెల్లగా కూర్చుంది. మళ్లీ ఆట కుడివైపుకు వెళ్లినప్పుడు స్తంభం వైపు చూడలేదు, పక్కకు తిరిగి వేడ్ మొహం చూసింది. ఆ మొహంలో కనుబొమలు లేచాయి, పెదాలు బిగిశాయి, ఒక్కసారి విచ్చుకున్నాయి. బంతి పడిందని ఆమెకు తెలిసింది. ఈసారి ఆలస్యం కొంచెమే అయింది.

మా వరసలో ఆ స్తంభానికి ఎదురుగా సీటే వెయ్యలేదు. అక్కడికొచ్చేసరికి కట్టినవాడికి తెలివొచ్చినట్టుంది. అందుకని మాకెవరికీ తట్టలేదు. ముప్పై ఏళ్లు నవ్వాం.

"అబద్ధాలకోరు," అంది ఆర్లీన్.

"నన్నా అమ్మా?" అన్నాడు వేడ్ ఉలిక్కిపడి.

"నిన్ను కాదు నాయనా. పుడ్డింగ్ తిను."

ఆట గెలిచాం. సీటు మారినా గెలిచాం. ఆ మాట పైకి అనే ధైర్యం బర్ల్‌కు కూడా లేకపోయింది.

జ్వరం తగ్గాక డార్లా ఒప్పుకుంది. "ఇప్పుడు ఫోన్లో ఏ సీట్లోంచి ఏం కనబడుతుందో బొమ్మ వేస్తారత్తా. మామయ్య సీటు నొక్కితే స్తంభమే వస్తుంది. అందుకే ఎవరూ కొనడంలేదు. నీకెలా చెప్పను?"

"ఆయనే చెప్పలేదు. నువ్వేం చెప్తావులే," అంది ఆర్లీన్.

మార్చి వచ్చింది. రెండూ ఉంచుకునే స్తోమత లేదు, ఒకటి వదిలెయ్యాలి. డెల్బర్ట్ సీటే ఉంచుకుంటుందని మేమంతా తీర్మానించేశాం. బర్ల్ భార్య ఇంకో అడుగు వేసి, స్తంభానికి అతని పేరుతో ఇత్తడి ఫలకం కొట్టిద్దామని చందా కూడా మొదలెట్టింది. ఇలాంటివాటికి మా ఊరు ఎప్పుడూ సిద్ధం.

ఆర్లీన్ డెల్బర్ట్ సీటు వదిలేసింది.

"అయ్యో, అదేంటి ఆర్లీన్!" అంది బర్ల్ భార్య.

"ఆయన ముప్పై ఏళ్లు ఇనుము చూస్తూ కూర్చుంది ఎందుకు? నేను ఆట చూడాలని. ఇప్పుడు నేనెళ్లి ఆ స్తంభం వెనక కూర్చుంటే ఆయన పడ్డ పాట్లు మట్టిలో పోసినట్టు కాదూ? నా సీట్లో నేను కూర్చుంటా. ఫలకం లేదు, గిలకం లేదు. ఆ డబ్బుతో అందరికీ శాండ్విచ్‌లు కొనిపెట్టు."

కొనిపెట్టింది. ఆర్లీన్ ఆవాల ముద్ద ఎక్కువ వేసుకుని తింది.

ఈ ఏడాది ఆ సీటు కాలేజీ వాళ్ల చేతిలోనే ఉంది. చాలా ఆటలకు అమ్ముడు కాదు. అప్పుడు ఆర్లీన్ కోటు అక్కడే ఉంటుంది, ఇప్పుడు అద్దె లేకుండా. ఎప్పుడైనా ఆఖరి నిమిషంలో చవగ్గా దొరికిందని ఎవరో కొనుక్కుని వస్తారు. కూర్చుంటారు, ఎడమకు వంగుతారు, కుడికి వంగుతారు. ఆమె కోటు ఒళ్లోకి తీసుకుని, ఏ ఊరు, ఎవరి తాలూకు అని మామూలు ప్రశ్నలన్నీ అయ్యాక, చివర్న చెబుతుంది.

"మెడ నొప్పి తెచ్చుకోకు నాయనా. ఆ వైపు ఆట నీకు కనబడదు. బంతి అటెళ్లినప్పుడు నా మొహం చూడు."