నల్ల తెర మీద ఇంటి ఖర్చు

కొత్తగా ఉద్యోగం దొరికిన వయసులో ఇంట్లో వాళ్లందరూ మనకి అమాయకుల్లా కనిపిస్తారు. ఆ రోజుల్లో నాకూ అదే జబ్బు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తాగా చేరిన ఏడాదే, ఊళ్లో ఇందా అనే పేటలో కంప్యూటర్లు బాగుచేసే ఒక బెంగాలీ దాదా (అక్కడ అన్నని అలా పిలుస్తారు) దగ్గర బోనసు డబ్బంతా పోసి పాత కంప్యూటరు కొన్నాను. తొంభైల్లో మా క్వార్టర్ల వరస మొత్తానికి అదొక్కటే. బొమ్మలూ మౌసూ లేవు, నల్ల తెర మీద పచ్చటి అక్షరాలు మాత్రమే. 'ఖర్చు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, పక్కన సరుకు పేరూ ధరా వేసి ఎంటర్ నొక్కితే లెక్కలో చేరిపోతుంది. 'నిల్వ' అని కొడితే ఎంత మిగిలిందో చెబుతుంది. నాన్న జీతం, నా జీతం అమ్మ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టేది. ఆ డబ్బు చేత్తో లెక్కపెట్టడం మాత్రం మాన్పించేశాను. (పాతకాలం పద్ధతి అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

మూడో నెలలో చెల్లికి నర్సింగు స్కూల్లో సీటొచ్చింది. రెండు రోజుల్లో పదిహేను వందలు కట్టాలి. ధీమాగా 'నిల్వ' అని కొట్టాను. నాలుగు వందల పన్నెండు! వెంటనే ఇంట్లో విచారణ మొదలుపెట్టాను.

"నాన్నా, ఒక్కరోజులో ఆరు కట్టల బీడీలా?"

"ఆరేటిరా? రెండే గదా కాల్సినాను."

"కంప్యూటరు అబద్ధం చెప్పదు నాన్నా."

ఆయన చేతిలో బీడీ ఆర్పేసి వాకిట్లోకి వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం భయపడుతూనే, "డబ్బా మూత పడట్లేదురా, ఓపాలి తీసి సూద్దుమా?" అంది. చిల్లర నోట్లై ఉంటాయని కొట్టిపారేశాను. "పోన్లే అన్నయ్యా, వచ్చేయేడు సేరుతాను" అని చెల్లి తల దించుకుంది. ఆ మాటతో నా పొగరు సగం దిగింది. కంప్యూటర్ని రిక్షాలోకి ఎక్కించి, ఫీజు డబ్బు కోసం తిరిగి అమ్మేద్దామని దాదా కొట్టుకి బయలుదేరాను.

దాదా అది పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఆన్ చేసి, నా లెక్కలు చదువుతూ ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు. "ఏ కీ భాయ్! ఏక్ దినే తిన్ బార్ ఇలిష్?" (మన పులసే అక్కడ ఇలిష్. ఒకే రోజు మూడుసార్లు కొనడం బెంగాలీ వాళ్ల వల్ల కూడా కాదు.)

ఒక్కసారే కొన్నామన్నాను. కాసేపు ఆలోచించి, కరెంటు పోతే ఏం చేస్తావని హిందీలో అడిగాడు. పోయిన లెక్క మళ్లీ కొడతానని చెప్పాను. దాదా కళ్లజోడు జారిపోయేలా నవ్వాడు. ఎంటర్ నొక్కగానే లెక్క లోపల భద్రంగా చేరిపోతుందట, కరెంటు పోతే ఆరిపోయేది తెర మాత్రమేనట! అంటే మా వీధిలో కరెంటు పోయినప్పుడల్లా మేం లెక్కలో మరోసారి పులస తిన్నాం, నాన్న మరో రెండు కట్టలు కాల్చాడు.

కంప్యూటర్‌తో సహా అదే రిక్షాలో ఇంటికొచ్చి పడ్డాను. అమ్మ డబ్బాను మంచం మీద బోర్లించింది. నలుగురం కూర్చుని చేత్తోనే లెక్కపెట్టాం. రెండు వేల ఎనిమిది వందల చిల్లర! చెల్లి ఏడుస్తూనే నవ్వింది. నేను కొట్టుకి పరిగెత్తి రెండు బీడీకట్టలు తెచ్చి నాన్న ముందు పెట్టాను.

"ఇయి ఎన్నిరా?" అన్నాడు ఆయన.

"రెండే నాన్నా."

"ఠీక్ హై" అని ఒకటి వెలిగించుకున్నాడు.

మర్నాడు చెల్లి ఫీజు కట్టేసి వచ్చి రసీదు నా చేతిలో పెట్టింది. "అన్నయ్యా, దీన్ని లెక్కలో ఒక్కపాలే ఎక్కించు, ఏటి?"

ఒక్కసారే ఎక్కించాను. అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు, నవ్వే వస్తుంది, కాస్త అసూయ కూడా. అంత నమ్మకంగా తప్పు చేసే ధైర్యం నాలో ఇప్పుడు ఎక్కడ వెతికినా దొరకదు.