రెబెకా నీటితిత్తి, కమలమ్మ కడుపుమంట

తోడికోడలికి కొత్త చీర వస్తే ఏడ్చేవాళ్లను చూశాను, గొలుసు వస్తే ఏడ్చేవాళ్లను చూశాను. తోడికోడలి కిడ్నీలో నీటితిత్తి వచ్చిందని కుళ్లుకున్న మనిషిని మాత్రం కమలమ్మనొక్కదాన్నే చూశాను. మా ఆళ్లగడ్డ గుడిలో, అంటే చర్చిలో, ఆమె నా ముందు వరసలో కూర్చుంటుంది. ఆమె వీపు ఎప్పుడు బిగుసుకుంటుందో నాకు తెలుసు.

కమలమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మొగుడు ఎజ్రా తాపీమేస్త్రీ, సంఘ పెద్ద. ఆయన నోట అబద్ధం రాదు, ముద్దుమాటా రాదు. ఆయన తమ్ముడు రూబెన్ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ రూబెన్ భార్యే రెబెకా. కొన్నేళ్ల కిందట దేనికో స్కాన్ తీస్తే ఆమె కుడి కిడ్నీలో తిత్తి కనబడింది. అప్పటి నుంచి ఏటా ఆమె ఆరాధనలో లేచి, "గురువారం నంద్యాల పోతాండాం, తిత్తి పెరగకుండా ప్రార్థన చేయండి" అని మనవి చేసేది. మరుసటి ఆదివారం, దేవుని దయ వల్ల తిత్తి పెరగలేదని సాక్ష్యం చెప్పేది. ఆడవాళ్లు బత్తాయిలు పట్టుకుని పోయి పలకరించేవాళ్లు. గుడిలో అందరం కలిసి వండుకు తినే ప్రేమవిందు నాడు ఆమె పెద్ద గిన్నె మీద చెయ్యి వేస్తే "నువ్వొద్దులేమ్మా" అనేవాళ్లు. ఆ గిన్నె కమలమ్మ మోసేది.

అసలు మంట బత్తాయిల మీద కాదు. బస్సులో రూబెన్ పెళ్లాం సంచి తన భుజానికి తగిలించుకుని, కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి కూర్చుంటాడే, దాని మీద. ఎజ్రా భార్యను వెంటబెట్టుకుని సరదాగా ఎక్కడికీ పోయిన పాపాన పోలేదు. "నాకొక తిత్తన్నా రాకపాయ దేవుడా" అందొకసారి నా దగ్గర. నేను నవ్వినందుకు చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

దేవుడు విన్నట్టే ఉంది. ఈ ఏడు కమలమ్మకు కడుపునొప్పి వచ్చి స్కాన్ తీస్తే ఎడమ కిడ్నీలో తిత్తి, నాలుగు సెంటీమీటర్లు. రెబెకాది రెండే! కమలమ్మ సంబరం చూడాలి, మనవరాలు పుట్టినట్టే. రెబెకా పోయే గురువారమే తనూ నంద్యాల పోతానని పట్టుబట్టింది. ఎజ్రా పని మానుకుని వెంట వెళ్లాడు. అక్కడ జరిగిందంతా ఆ సాయంత్రమే కమలమ్మ నాకు చెప్పింది. ఆమె కడుపులో మాట నిలవదు.

ఆసుపత్రి బెంచీలన్నీ వెతికినా రెబెకా లేదు. డాక్టరు సంధ్య స్కాన్ చూసి తేలిగ్గా చెప్పింది. "ఇది మామూలు నీటితిత్తమ్మా. పలచటి పొర, లోపల నీళ్లు. వయసు మీదపడ్డాక చాలామందికి వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం పెరగొచ్చు, ఇంకొకటి పుట్టొచ్చు. లోపల గోడలు, గడ్డలు ఉంటే భయం, మీకవి లేవు. మీ నొప్పి గ్యాసుది."

"ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాల కదమ్మా?" అంది కమలమ్మ ఆశగా.

"అక్కర్లేదు. నడుంలో నొప్పి, జ్వరం, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా రండి. లేకపోతే నిశ్చింతగా ఉండండి."

కమలమ్మకు ఏడుపొక్కటే తక్కువ. బస్టాండుకు నడుస్తుంటే సినిమాహాలు ముందు రెబెకా, పక్కన పాప్‌కార్న్ పొట్లంతో రూబెన్ కనబడ్డారు. మగవాళ్ల కూడికలో సినిమాలు చూడరాదని బోధించే రూబెన్!

"ఏందిరా, ఈడ ఏం చేస్తాండావ్?" అన్నాడు ఎజ్రా. రూబెన్ పొట్లం వీపు వెనక్కి దాచుకున్నాడు.

రెబెకా కమలమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఎవురికీ చెప్పొద్దు. రెండో ఏడే అప్పటి డాక్టరు ఇంక రానక్కర్లేదన్యాడు. ఈయనే, ఏడాదికొక దినమన్నా ఇద్దరం బయటికి పోదాం, ఏదో ఒకటి చెప్పల్ల కదా, తిత్తి ఉందిలే అన్యాడు."

తిరుగు బస్సు శిరివెళ్ల దాటాక కమలమ్మ మొగుడి వైపు తిరిగింది. "పెండ్లాం కోసరం దేవుని ముందరే అబద్ధమాడినాడు సూడు" అంది.

"అది పాపం" అన్నాడు ఎజ్రా. అంతే.

ఆదివారం కమలమ్మ లేచి నిలబడింది. రెబెకా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాకు గూడ తిత్తి ఉంది. రెబెకా దాని కన్నా పెద్దది. డాక్టరమ్మ ఏడాదికోసారి రమ్మనింది. తోడు లేకుండా రావద్దనింది."

అని మగవాళ్ల వైపు తిరిగింది. ఆ డాక్టరు గదిలో ఉన్నది ఎజ్రా ఒక్కడే. ఆయన కాదంటే కమలమ్మ మళ్లీ గుడిలో తలెత్తుకోలేదు. ఆమె వీపు బిగుసుకుపోయింది.

ఎజ్రా మెల్లగా లేచాడు. "అవును. ఏటా నేనే పిల్సకపోతా. ప్రార్థన చేయండి" అన్నాడు.

ఆ రోజు నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఇచ్చే రోజు. పాపం మనసులో పెట్టుకుని ఆ రొట్టె, ద్రాక్షరసం ముట్టరాదంటారు. రూబెన్ ఎప్పటిలాగే ముందుకు పోయి రొట్టె తీసుకున్నాడు. అందరికీ బల్ల అందించే ఎజ్రా మాత్రం తన చోటు నుంచి కదలలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయాడు. వరసలో సగం దూరం పోయిన కమలమ్మ అది చూసింది. వెనక్కి తిరిగి, నేరుగా మగవాళ్ల వైపు పోయి, ఆయన పక్కన కూర్చుంది. మా గుడిలో ఏ ఆడమనిషీ అట్లా కూర్చోలేదు.

నా మొగుడు కిటికీ దగ్గర గడియారం చూసుకుంటున్నాడు. ఆ ఆదివారం కుళ్లుకున్నది నేను.