కోతల పండుగనాటి తంబురా

నా చిన్నప్పుడు మా చిన్నాన్న కూతురు పాడితే నాకు ఒళ్ళు మండేది. ఇంత సూటిగా రాస్తే బాగోదని మా వారు అన్నారు. బాగుండడం కోసం రాయడం లేదు, జరిగింది రాస్తున్నాను. అది నాకంటే ఎనిమిది నెలలు చిన్నది, నన్ను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేది. చదువులో నాకంటే ఒక తరగతి వెనక. పన్నెండో ఎక్కం ఏనాడూ చివరిదాకా అప్పజెప్పలేదు. అయినా అది నోరు తెరిచి ఒక కీర్తన ఎత్తుకుందంటే, నూతి దగ్గర నీళ్ళు తోడేవాళ్ళు చేదను సగంలో ఆపి వినేవారు. నేను పాడితే ఎవరూ ఏదీ ఆపేవారు కాదు.

మాది చోడవరం. నేను చెబుతున్నది యాభైల్లో మాట, నాకప్పుడు పదకొండేళ్ళు. మా తాతయ్య వడ్రంగి. వారమంతా బండి చక్రాలూ నాగళ్ళూ చేసేవారు. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని మా చర్చిలో కీర్తనలు పాడించేవారు. మా చర్చికి హార్మోనియం లేదు. ఉన్నదల్లా ఒక పాత తంబురా. ఎక్కడో అటక మీద పగిలిపోయి పడివుంటే తాతయ్య తెచ్చి, తీగలు బిగించే బిరడాలు కొత్తవి చెక్కి, తీగలు కట్టి బతికించారు. పాడేవాళ్ళు దాని శ్రుతిని పట్టుకునే మొదలుపెట్టాలి, దాన్ని పట్టుకునే చివరిదాకా నడవాలి. పాడే పని చిన్నాన్న కూతురికి, తంబురా మీటే పని నాకు అని తాతయ్య పంచిపెట్టినప్పుడు ఇంట్లో అందరికీ అది ఎంతో సబబుగా కనిపించింది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

తంబురా మీటేవాళ్ళ బతుకేమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. నాలుగు తీగలు. ఒకదాని తరవాత ఒకటి మీటాలి. మళ్ళీ మొదటికి రావాలి. కీర్తన అయ్యేదాకా అదే పని. పాట పైకి వెళ్ళినా కిందికి వచ్చినా మన చెయ్యి అక్కడే ఉంటుంది. అందరి కళ్ళూ పాడే పిల్ల మీద. మన వెనక గోడకున్న బల్లిని చూసేవారున్నారేమో గాని, మనల్ని చూసేవారు ఉండరు.

తాతయ్య మాత్రం ఆ పనిని బండి చక్రం బిగించడం నేర్పినంత నిష్ఠగా నేర్పారు. గోటితో గీకకూడదు, వేలి కండతో తీగను తోసి వదలాలి. నాలుగు తీగలకూ ఒకటే బరువు. లావుపాటి మంద్రపు తీగ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గబగబా మొదటి తీగకు పరిగెత్తాలని చూస్తుంది, దాన్ని మోగనివ్వాలి. తీగకూ అది ఆనుకునే చెక్కకూ మధ్య సన్నటి నూలుపోగు ఉంటుంది, జీవ అంటారు. దాన్ని అటూ ఇటూ జరుపుతూ తీగ తేనెటీగలా పలికే చోటు వెతకాలి. కొత్త తీగ సాగుతుంది, అందుకని పండుగకు వారం ముందే కట్టాలి. మీటడం అయ్యాక చెమట తుడవాలి. బిరడా జారితే సుద్ద పొడి రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, పాడేవాళ్ళ ముఖం చూడకూడదు, వాళ్ళ ఊపిరి వినాలి.

ఇప్పుడు మా మేనల్లుడు విశాఖపట్నంలో కాలేజీ కుర్రాళ్ళ బృందంలో బేస్ గిటారు వాయిస్తున్నాడు. ముందు నిలబడి లీడ్ గిటారు వాయించేవాడికే చప్పట్లన్నీ, నేనున్నానో లేదో కూడా ఎవరికీ తెలియదత్తా, ఇంకా పెద్ద యాంప్లిఫయర్ కొనమంటావా అని మొన్న నన్నడిగాడు. నాకు కరెంటు వాయిద్యాల సంగతి ఏం తెలుసు? తెలిసిందే చెప్పాను. ప్రోగ్రాం రోజు పొద్దున్న కొత్త తీగలు వెయ్యకురా, మీటాక తుడిచి పెట్టు, గట్టిగా కాదు ఒకే తీరుగా వాయించు, ఖాళీ దొరికిందని ప్రతిచోటా వేళ్ళు పెట్టకు, డ్రమ్ము వాయించేవాడి కాలి పక్కన నిలబడి విను అన్నాను. చప్పట్ల సంగతి మాత్రం వాడికి చెప్పలేదు. చెప్పాలంటే ఈ కథంతా చెప్పాలి.

ఆ ఏడు వరికోతలయ్యాక మా చర్చిలో కోతల పండుగ వచ్చింది. పండిన పంటలో మొదటిది దేవుడి ముందు పెట్టే పండుగ అది. గుమ్మానికి రెండు వైపులా చెరకు గడలు కట్టి ఆకులు పైన కలిపి ముడేస్తారు. లోపల వరి పనలు, గుమ్మడికాయలు, అరిటాకులో కొత్త బెల్లం. వడ్డాది నుంచీ రోలుగుంట నుంచీ బళ్ళు కట్టుకుని చుట్టాలు వస్తారు. పొద్దున ఆరాధనలో మొదటి కీర్తన మా చిన్నాన్న కూతురు ఒక్కతే ఎత్తుకోవాలి, పల్లవి తిరిగి వచ్చినప్పుడల్లా సంఘమంతా అందుకోవాలి. దానికి మా పిన్ని కొత్త పరికిణీ కుట్టించింది. నాకు నిరుటిదే, అంచు విప్పి పొడుగు చేశారు. కనబడని మనిషికి పరికిణీ ఎందుకని అనుకున్నారేమో!

ఆ పొద్దున్న తంబురా కలపడానికి పక్కగదిలో నన్నొక్కదాన్నే కూర్చోబెట్టారు. రోజూ తాతయ్య ఒకసారి విని తల ఊపితేగాని అయినట్టు కాదు. ఆవేళ ఆయన నిచ్చెనెక్కి చెరకు తోరణానికి మేకులు కొడుతున్నారు. కిటికీలోంచి నాకు మా చిన్నాన్న కూతురు కనిపించింది. వడ్డాది పెద్దమ్మ దాని గడ్డం పట్టుకుని, "ఏటే బంగారూ, ఇయ్యాల నీ పాట ఇనడానికే వచ్చేను," అంటోంది. ఆ పెద్దమ్మ అంతకుముందే నా పక్కనుంచి నడిచి వెళ్ళింది, పలకరించకుండా.

నేను బిరడాలు తిప్పాను. నాలుగు తీగలూ ఒక మెట్టు పైకి లాగాను. తప్పుగా కలపలేదు సుమండీ, అపశ్రుతి ఎక్కడా లేదు. నాలుగూ ఒకదానితో ఒకటి అద్దంలా సరిపోయాయి. ఆ కీర్తన మూడో చరణంలో ఒకచోట గొంతు చాలా పైకి వెళుతుంది. రోజూ ఉన్న శ్రుతిలోనే అక్కడ దాని మెడ నరాలు కనబడతాయని నాకు తెలుసు. ముఖం చూడకుండా ఊపిరి వినడం నేర్చుకున్నదాన్ని, నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

"కలిపేవేటే?" అని నిచ్చెన మీంచి తాతయ్య అడిగారు.

"కలిపేను తాతా," అన్నాను. అబద్ధం ఆడలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అది మొదలుపెట్టింది. నా తంబురాను నమ్మి, నేను ఎక్కడ పెడితే అక్కణ్ణుంచే ఎత్తుకుంది. మొదటి చరణం ఎప్పటికంటే బాగుంది, పైశ్రుతిలో గొంతు ఇంకా మెరిసింది. నా చేత్తో నేనే దానికి మేలు చేశానా అని నాకు ఏడుపొచ్చింది. పల్లవి సంఘం అందుకునేసరికి అసలు సంగతి బయటపడింది. మగవాళ్ళ గొంతులు కీచుగా లేచాయి. ముసలివాళ్ళు సగంలో వదిలేసి దగ్గారు. ఎవరి ఒళ్ళోదో పసిపిల్ల గుక్కపట్టింది. మూడో చరణంలో ఆ చోటు వచ్చింది. దాని గొంతు రెండుగా చీలి ఆగిపోయింది. వెనక బల్లల మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

నా చెయ్యి ఆగలేదు. నాలుగు తీగలూ మోగుతూనే ఉన్నాయి. అది తల తిప్పి నా ముఖం చూడలేదు, నా వేళ్ళు చూసింది. అంతలోనే కళ్ళు దించుకుంది. మిగిలిన చరణం తాతయ్య కింది స్థాయిలో అందుకుని ముగించారు.

బయటికి వచ్చాక ఒక్కరైనా తంబురా మాట ఎత్తుతారేమోనని అందరి నోళ్ళకేసీ చూశాను. ఎవరూ ఎత్తలేదు. వడ్డాది పెద్దమ్మే అంది, "ఏటా ఎత్తడం, మిద్దెక్కేసినట్టు! నాలుగు మాటలు మెచ్చుకుంటే గుంటకి తలకెక్కిపోయింది." మా పిన్ని దాని రెక్క పట్టుకుని చెరకు తోరణం వెనక్కి లాక్కుపోయి, "ఇంక జన్మలో నోరు తెరిసేవంటే సూడు," అని అరిచింది. మా పిన్ని అన్న మాట తప్పే మనిషి కాదు. అది తల వంచుకుని, కొత్త పరికిణీ కుచ్చిళ్ళు నలుపుతూ నిలబడింది. నామీద ఒక్క మాట చెప్పలేదు.

నేను కోరుకున్నదే జరిగింది. అయినా లోపల మంట చల్లారలేదు. దెబ్బ తిన్నా నోరు విప్పని ఆ పెద్దమనిషితనం కూడా దానికే రావాలా అని ఇంకో కుళ్ళు పుట్టింది.

భోజనాల ముందు తాతయ్య నన్ను పక్కగదిలోకి పిలిచారు. తంబురా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బిరడా మీదా దాన్ని ఆనుకున్న దండి కర్ర మీదా కలిసేట్టు ఆయన ఎప్పుడో సన్నటి పెన్సిలు గీతలు పెట్టుకున్నారట, వడ్రంగి కదా. అన్నీ సరిగా కలిస్తే రెండు గీతలూ ఒకటిగా కనిపించాలి. నాలుగింటికి నాలుగూ పక్కకు జరిగి ఉన్నాయి. నాకు ఆ గీతల సంగతి అప్పటిదాకా తెలియదు.

"శ్రుతి సుద్దంగా కలిపేవే," అన్నారు. "ఒక్క ఎంట్రుకంత తేడా నేదు. దేవుడు నీకింత సెవి ఇచ్చేడు, దాంతో నువ్వు సేసిన పని ఇదా?"

నేను ఏడుద్దామని మొదలుపెట్టాను. ఆయన ఏడవనివ్వలేదు.

"మద్దేన్నం మీటింగులో నువ్వు పాడు. అదే కీర్తన. తంబురా దాని సేతికిత్తాను."

"దానికి కలపడం రాదు తాతా!"

"ఎందుకు రాదు? నువ్వు కలిపినప్పుడల్లా పక్కనే కూకుని ఇనింది కదా. భయమా?"

భయమే. నేను ఏం చేశానో నాకు తెలుసు, అది ఎంత సులువో కూడా తెలుసు. నాలుగేళ్ళుగా కోరుకున్న పాట నా చేతికి వచ్చింది. పండుగ భోజనం ముందు కూర్చుని లెక్కలు వేశాను. నా గొంతు దానికంటే తక్కువ స్థాయిలో ఉంటుంది. అది అరమెట్టు లాగినా చాలు, నేను రెండో చరణానికే పడిపోతాను. నవ్వులు, వడ్డాది పెద్దమ్మ, మా అమ్మ చెయ్యి, అన్నీ కళ్ళముందు కనిపించాయి. నేనైతే దాని స్థానంలో తప్పకుండా లాగుతాను. అందుకే అదీ లాగుతుందని నాకు ఏమాత్రం సందేహం లేకపోయింది.

మధ్యాహ్నం బల్ల పక్కన అది తంబురా నిలబెట్టి పట్టుకుని కూర్చుంది. పొద్దుటి ఏడుపుకు కళ్ళు ఇంకా ఉబ్బే ఉన్నాయి. జనం సర్దుకుంటున్నారు. అది నావైపు వంగి నాకొక్కదానికే వినబడేట్టు అడిగింది.

"అప్పా, నీకెంతలో ఉండాల?"

నాకు వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. "నా శ్రుతి నీకు ఎక్కువైపోద్ది. కిందకి దింపీమంటావా? పైన ఆ సోట నీకు అందాల కదా."

నాలుగేళ్ళుగా నేను దానికి తంబురా మీటాను. వందసార్లు కలిపి ఉంటాను. ఒక్కసారి, ఒక్కసారైనా, నీకెంతలో ఉండాలని దాన్ని అడగలేదు. నాకు తోచిన మాట కూడా కాదు అది.

నేను తల ఊపాను. అది దించింది. ఒక్కొక్క తీగా దించి, నా ముఖం చూడకుండా, నా ఊపిరి వింటూ మీటింది. నేను పాడాను. మూడో చరణంలో ఆ చోటికి భయంభయంగా వెళితే, కాలికింద నేల ఉన్నట్టు అక్కడ శ్రుతి ఉంది. సంఘం పల్లవి హాయిగా అందుకుంది. అయిపోయాక వడ్డాది పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని, "పెద్ద గుంటే నయం, ఎంత కుదురుగా పాడింది!" అంది. నాలుగేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట. విని సిగ్గుతో చచ్చిపోయాను. ఆ కుదురు నాది కాదని తెలిసినవాళ్ళు అక్కడ ముగ్గురమే ఉన్నాం. మిగతా ఇద్దరూ చెప్పేవాళ్ళు కాదు.

అందుకని నేనే చెప్పాను. బళ్ళు కదిలి వెళ్ళకముందే, గిన్నెలు తోముతున్న ఆడవాళ్ళందరి ముందూ మా పిన్నితో చెప్పాను. పొద్దున్న తంబురా నేనే పైకి లాగాను, దాని తప్పు కాదు అన్నాను. పిన్ని బూడిద చేత్తోనే నా చెంప పగలగొట్టింది. వడ్డాది పెద్దమ్మ నా గడ్డం పట్టుకున్న చేతిని కొంగుకు తుడుచుకుంది. మరుసటి ఆదివారం నుంచి అదే పాడింది, నేనే మీటాను. కానీ మీటే ముందు అడిగేదాన్ని.

దీంతో నా అసూయ పోయిందని రాస్తే మీకు బాగుంటుంది, నాకు అబద్ధమవుతుంది. పోలేదు. ఆ గొంతు మీద కుళ్ళు కాలక్రమంలో తగ్గింది గాని, ఆ ప్రశ్న మీద కుళ్ళు ఇప్పటికీ అలాగే ఉంది. తరవాత నేను చదువుకున్నాను, బళ్ళో పాఠాలు చెప్పాను, కోడళ్ళతో కాపురం చేస్తున్నాను. నా నోరు ఎలాంటిదో తెలిసినవాళ్ళకు తెలుసు. అయినా నా మాట మీద ఆనుకుని ఎదుటివాళ్ళు ఏదైనా మొదలుపెట్టబోతున్నారంటే, నీకెంతలో ఉండాలని ముందు అడుగుతాను. అడిగిన ప్రతిసారీ, ఎదుటివాళ్ళ ముఖం తేటపడిన ప్రతిసారీ, ఇది నాకు తోచిన మాటైతే ఎంత బాగుండేదని లోపల చిన్నగా మండుతుంది. మండినా అడుగుతాను.