తిట్లలో దొరికిన డాక్టరు

మొన్న మా మనవరాలు భోజనానికి మంచి హోటల్ ఏదా అని ఫోన్‌లో స్టార్లు చూస్తుంటే, ముందు తిట్టినవాళ్లు ఏం రాశారో చదవమన్నాను. అది నవ్వింది. ఈ అలవాటు నాకు కరోనా వచ్చిన ఏడాది, సూరత్‌లోని డిండోలిలో ఉండగా పట్టుకుంది.

మా ఆయన అక్కడ ముప్పై ఏళ్లు మరమగ్గాల మీద, మేము సాంచాలంటాం, పనిచేశారు. ఆ అదురుకు నేల, గోడలు, చాయ్ గ్లాసులు కూడా వణికేవి కాబట్టి ఆయన కుడిచెయ్యి వణకడాన్ని ఎవరమూ పట్టించుకోలేదు, నేనడిగినా "సాంచా ఊగంగ చెయ్యి ఊగదా ఏంది?" అని కొట్టిపారేసేవారు. లాక్‌డౌన్‌లో ఊళ్లోని మగ్గాలన్నీ ఆగిపోయాయి. వారం గడిచినా, ఒళ్లో పెట్టుకున్న ఆయన చెయ్యి మాత్రం ఆగలేదు.

గల్లీకి కర్రలు అడ్డం కట్టారు, దగ్గర్లోని దవాఖాన మూసేశారు, పక్కింటామె కిటికీ కూడా తెరిచేది కాదు. ఫోన్‌లో దొరికిన డాక్టరొకాయన ఇది పార్కిన్సన్స్ కావచ్చు, మంచి న్యూరాలజిస్టుకు చూపించండన్నాడు. అప్పటికే అడుగులు పొట్టివైపోయి, గుండీలు పెట్టుకోలేక, ముద్ద నోటిదాకా రాకముందే రాలిపోతుంటే సిగ్గుపడి ఆయన మా ముందర తినడమే మానేశారు. ఇంకొన్నాళ్లిలాగే గడిస్తే మంచాన పడతారన్న భయంతో నేను పిచ్చిదాన్నయిపోయాను. ఫోన్‌లో వెతికితే నయం చేసేస్తామనే పొడులవాళ్లే ముందు వరుసలో కనిపించేవారు. ఐదు స్టార్ల డాక్టర్ల కింద 'బహుత్ అచ్ఛా' తప్ప మరో ముక్క ఉండేది కాదు. ఆశపడి ఒక పొడి తెప్పించి పదిహేను రోజులు తాగించాను కూడా, ఆ పాపం నాదే.

చివరికి మా చిన్నమ్మాయి ఆల్థాన్ వైపు ఒక డాక్టరు పేరు చూసి, "గీయన వద్దమ్మా, రేటింగ్ బేకార్ ఉంది" అని దాటెయ్యబోయింది. ఏమని తిట్టారో చదవమన్నాను. ఎవరో గుజరాతీలో మండిపడ్డారు: అరగంట కూర్చోబెట్టాడట, వాళ్ల నాన్నను అటూ ఇటూ నడిపించి, వేళ్లు తట్టించి, కాగితం మీద రాయించి, నిద్రలో కేకలేస్తాడా అని కూడా అడిగి, ఒక్క ఇంజెక్షనైనా ఇవ్వకుండా పంపాడట.

"గీయననే గావాలె," అన్నాను.

కర్రలు తీసేసిన రోజే వెళ్లాం. మా ఆయననూ ఆ డాక్టరుగారు అలాగే నడిపించి, రాయించి, జబ్బు అదేనని తేల్చారు. పూర్తిగా పోయేది కాదనీ, మందుతో కొంతకాలం అదుపులో పెట్టవచ్చనీ మెత్తగా చెప్పారు.

ఆ మందుతో మా ఆయన మూడేళ్లు తన అన్నం తనే కలుపుకుని, మా అందరి మధ్యా కూర్చుని తిన్నారు. ఇప్పుడు నేనే తినిపిస్తున్నాను. మన కాలంలో మంచి డాక్టరెవరని అడిగితే గల్లీలో నలుగురు చెప్పేవారు, ఒకరు వెంట కూడా వచ్చేవారు, తర్వాత ఎలా ఉందని వాళ్లూ అడిగేవారు, మనమూ అడిగేవాళ్లం. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి కోపంతో నాలుగు ముక్కలు రాయకపోతే ఆ మూడేళ్లు మాకు ఉండేవి కావు. వాళ్ల నాన్న ఎలా ఉన్నాడో అడగాలని ఉంటుంది, ఎవరిని అడగాలో తెలియదు.