సాయంత్రానికి మిగలాల్సిన చార్జింగ్

నా భార్య కువైట్‌కు పోయిన కొత్తలో నాకు ఒకటే భయం ఉండేది. ఆమె ఫోన్ చేసే వేళకు నా ఫోన్‌లో చార్జింగ్ ఉంటుందా, ఉండదా అని.

మాది ఉదయగిరి పక్కన కొండ కింద పల్లె. ఉదయగిరి బజారులో నాకొక చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుడతాను. మాకు పిల్లలు లేరు. ఉన్న రేకుల ఇల్లు తీసేసి శ్లాబు వేసుకోవాలని ఆమె పట్టుబట్టింది. మా వైపు ఆడవాళ్లు ఇళ్లలో పనికి కువైట్ పోవడం కొత్తేమీ కాదు కనుక, ఆమే పోతానంది.

"నువ్వు మిషను తొక్కతా ఉండు, నేను వంట చేసి వస్తా. ఇద్దరం కలిసి కట్టుకుందాం" అని తేలిగ్గా చెప్పింది. బస్సెక్కేటప్పుడు మాత్రం కిటికీలోంచి నా వైపు చూడలేదు. చూస్తే దిగిపోతుందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

ఆమె చేరిన ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగస్తులు. వాళ్లకొక చిన్న పాప. వంటా, పాప పనీ ఆమెదే. మధ్యాహ్నం అన్నాలు తిని ఇల్లంతా కునుకు తీసే సమయంలో ఆమెకు కాస్త తీరిక. అప్పుడు ఇక్కడ పొద్దు వాలుతూ ఉంటుంది. ఆ వేళలోనే ఆమె ఫోన్ వచ్చేది. ఆ ఒక్క మాట కోసం నేను పొద్దుటి నుంచీ కుడుతూ ఉండేవాణ్ని. తీరా అప్పటికి ఫోన్ నల్లగా చచ్చిపడి ఉండేది.

పొద్దున్నే నిండుగా పెట్టుకుని వచ్చినా అంతే. షాపులో కరెంటు పోతే మళ్లీ పెట్టే వీలుండదు. ఒకసారి వరసగా రెండు రోజులు ఆమెకు నేను దొరకలేదు. మూడో రోజు పక్కనున్న కిరాణా కొట్టాయన పరిగెత్తుకొచ్చి తన ఫోన్ నా చేతికిచ్చాడు. ఆమె ఎలాగో ఆయన నంబరు సంపాదించింది.

"బాగుండావా?" అంది. 

"బాగుండాను మే. ఫోన్ ఆగిపోయింది, అంతే."

"ఆగిపోయిందని నీకు తెలుసు. నాకెట్ట తెలుస్తాది?"

మర్నాడు షాపు మూసేసి ఆత్మకూరు బస్సెక్కాను.

ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో ఫోన్లు బాగుచేసే షాపొకటి ఉంది. నడిపేది ఒక నడివయసు ఆవిడ. కళ్లద్దాలు ముక్కు మీదికి జారిపోయి ఉంటాయి. బ్యాటరీ మార్చమని నా ఫోన్ ఇచ్చాను. ఆవిడ చేత్తో పట్టుకోగానే మొహం చిట్లించింది.

"ఏందన్నా, ఇది ఫోనా, పొయ్యా? ఎక్కడ పెడతావు దీన్ని?"

"మిషను పక్కన. ఇస్త్రీ బల్ల మీద."

"ఇస్త్రీపెట్టె పక్కనా?"

"ఆ. రింగయితే వినపడతాదని."

ఆవిడ నిట్టూర్చింది. వేడికి బ్యాటరీ ప్రాణం తగ్గిపోతుందని, నీడలో గాలి తగిలేచోట పెట్టమని చెప్పింది. ఆ తర్వాత సెట్టింగుల్లోకి పోయి, ఏ యాప్ ఎంత బ్యాటరీ వాడుకుంటోందో చూపించే పేజీ తెరిచింది.

"ఇది చూడన్నా. నీ చార్జింగ్ ఎవురు తింటా ఉండారో ఇక్కడ కనపడతాది. ఇదేంది, ఈ బ్యాటరీ క్లీనరు? ఎవురేసినారు?"

నేనే వేశాను. ఇంటర్నెట్‌లో ఏదో చూస్తుంటే ఎర్రటి అక్షరాలు ఎగిరొచ్చాయి. మీ బ్యాటరీ దెబ్బతింది, వెంటనే ఇక్కడ నొక్కండి అని. బ్యాటరీ నిజంగానే తొందరగా అయిపోతోంది కదా, దానికి కూడా తెలిసిపోయిందే అనుకుని నొక్కాను. ఆ మాట చెబితే ఆవిడ నవ్వలేదు.

"వెబ్‌సైటుకి నీ బ్యాటరీ సంగతేం తెలుస్తాదన్నా? అందరికీ అదే చెప్తాది. భయపడినోడు నొక్కతాడు. అన్నిటికన్నా ఎక్కువ తింటా ఉండేది ఇదే." అంటూ దాన్ని తీసిపారేసింది. ఏవేవో వెబ్‌సైట్లు రోజంతా నోటిఫికేషన్లు పంపడానికి కూడా నేను ఎప్పుడో సరే అన్నానట. వాటినీ ఆపేసింది. స్క్రీన్ వెలుతురు తగ్గించింది. ముట్టుకోకుండా వదిలేస్తే తొందరగా ఆరిపోయేలా పెట్టింది. లొకేషన్ ఊరికే ఆన్‌లో ఉంటే కట్టేసింది.

"మీ పల్లెలో సిగ్నల్ ఉండాదా?"

"కొండ కింద గదమ్మా. ఒకసారి వస్తాది, ఒకసారి పోతాది."

"అదే. సిగ్నల్ లేకపోతే ఫోన్ ఊరికే ఉండదు. వెతుకుతానే ఉంటాది. వెతికి వెతికి అయిపోతాది. లేనిచోట ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు, షాపుకొచ్చినాక తియ్యి."

వెతికి వెతికి అయిపోతుందన్న మాట దగ్గర నేను ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయాను.

చివరగా ఆవిడ బ్రౌజర్ తెరిచింది. తెరిచి ఉన్న పేజీలు ఎన్నో చూపించే చిన్న చదరం పైన ఒకటుంటుంది. నా ఫోన్‌లో అక్కడ అంకె లేదు. రెండు చుక్కలూ ఒక అక్షరం కలిసి, పక్కకు తిరిగిన నవ్వు మొహంలా ఉంది. నూటికి పైబడితే అంకె పోయి అదొస్తుందట.

"ఇన్ని ఎందుకు తెరిచి పెట్టినావన్నా?" అంటూ వేలితో పైకి జరుపుతూ పోయింది. కువైట్‌లో ఈ రోజు ఎండ. కువైట్‌లో ఇప్పుడు టైమెంత. కువైట్‌లో ఇసుక తుఫాను. మళ్లీ ఎండ. మళ్లీ టైము. ఆమె ఉండే పేట వీధులు. రోజుకొకసారి కొత్తగా వెతికాను కానీ, పాతవి మూయాలని నాకు తెలియదు.

ఆవిడ వేలు ఆగింది. కళ్లద్దాలు పైకి తోసుకుని అడిగింది. "అక్కడెవురుండారు?"

"మా ఆడమనిషి."

"పొయ్యి ఎన్నాళ్లయింది?"

"వేసంగిలో పోయింది."

"అన్నీ మూసేసేదా?" అంది. మూసేయమనడానికి నాకు నోరు రాలేదు. పనికిరాని పేజీలేనని తెలిసినా, ఆమె లేని ఒక్కో రోజూ ఒక్కో పేజీగా అందులో ఉన్నట్టు అనిపించింది. ఆవిడ నా మొహం చూసి, ఎండ చెప్పే పేజీ ఒక్కటి ఉంచింది. దాన్ని ఒక్క వేలితో తెరిచేలా ఫోన్ మొదటి స్క్రీన్ మీదికి తెచ్చి, మిగతావి మూసింది.

"ఇప్పుడు బ్యాటరీ మార్చే పనిలేదు. పోయిరా అన్నా. సాయంత్రానికి మిగల్తాది" అంది.

నిజంగానే మిగిలింది. ఆ వారం రోజూ ఆమె ఫోన్ అందుకున్నాను. ఆ తర్వాత ఆమెకూ ఇదే కష్టం వచ్చింది. ఆమె ఫోన్ పగిలిపోతే, ఆ ఇంటి యజమానురాలు తమ పాత ట్యాబ్ ఒకటి ఇచ్చింది. సిమ్ ఉండదు, ఇంట్లో వైఫై మీదే పనిచేస్తుంది. అరగంట మాట్లాడితే చాలు, చార్జింగ్ దిగిపోయేది. అప్పుడు ఆత్మకూరులో నేర్చుకున్నవన్నీ ఆమెకు నేను చెప్పాల్సి వచ్చింది.

"పైనుంచి కిందికి లాగు. సూర్యుడి బొమ్మ ఉండాదా? దాన్ని ఎడమకు జరుపు. వెలుతురు తగ్గుతాది."

"తగ్గిస్తే నీ మొగం సరిగ్గా కనపడదు."

"వీడియో ఆపేద్దాం మే. ఉత్త మాటలయితే శానాసేపు వస్తాది."

"ముందు ఒకసారి చూస్తా. చూసి ఆపేస్తా" అంది.

అప్పటి నుంచి అదే మా పద్ధతయింది. ఫోన్ ఎత్తగానే ఒకరినొకరం చూసుకునేవాళ్లం. ఆమె చిక్కిందా, నేను గడ్డం గీసుకున్నానా చూసుకుని, ఆమె వీడియో ఆపేసేది. స్క్రీన్ మీద ఆమె మొహం పోయి వట్టి గుండ్రం మిగిలేది. ఆ గుండ్రంతోనే మాట్లాడేవాణ్ని. మాకు పెళ్లయి అన్నేళ్లయినా, ఎదురెదురుగా ఉన్నప్పుడు అన్ని మాటలు ఎన్నడూ చెప్పుకోలేదు. ఏం కూర వండావు, ఎవరు జాకెట్ వెనక్కి తెచ్చారు, పాప ఈ రోజు ఏం చేసింది. మాటలయిపోతే ఊరికే ఉండేవాళ్లం. ఆమె ఊపిరి వినపడేది. అవతల ఎక్కడో ఏసీ మోత.

వెతకడం కూడా నేర్పాను. ఆమెకు రాయడం సరిగా రాదు. మైకు బొమ్మ నొక్కి నోటితో అడగవచ్చని చెబితే, మొదట అడిగింది మా ఊరి వాన గురించే.

"మీకు ఈరోజు వానంట గదా" అంది ఒకనాడు.

"యాడుండాది వాన, నిప్పులు కక్కతా ఉంటే."

"ఇందులో ఉండాది. మబ్బు బొమ్మేసి చినుకులు కూడా వేసినారు."

"అది నెల్లూరుకు చెప్తాదేమో. కొండ కింద మనకెవురు చెప్తారు."

అయినా ఆమె ఆ బొమ్మనే నమ్మేది. రోజూ చూసి, రోజూ అడిగేది. చివరికి ఒక సాయంత్రం నిజంగానే కొండ మీద మబ్బు కమ్మి, షాపు రేకుల మీద టపటపా మొదలయింది. ఆమె మాట మధ్యలో ఆపేసింది.

"అదేంది సప్పుడు?"

"వాన."

"ఫోన్ బయట పెట్టు."

"చార్జింగ్ అయిపోవస్తా ఉండాది మే. కరెంటు కూడా లేదు."

"అయిపోతే పోనీ. పెట్టు."

తడవకుండా చూరు కిందికి చెయ్యి చాచి పట్టుకున్నాను. ఆమె ఉందో లేదోనని చూద్దామన్నా, ఫోన్ దగ్గరికి తీసుకోబుద్ధి కాలేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే నిలబడ్డాను. వాన తగ్గాక చూస్తే ఫోన్ ఎప్పుడో ఆరిపోయి ఉంది. ఎంతవరకు విన్నదో మర్నాడు అడిగాను. "శానా విన్నాను" అంది.

ఒప్పందం తీరాక ఆమె వచ్చేసింది. శ్లాబు వేశాం. ఆ ట్యాబ్ కూడా వెంట తెచ్చుకుంది. వచ్చిన మొదటి రోజుల్లో నాకు నేల మీద కాళ్లు నిలవలేదు. షాపు తొందరగా మూసి ఇంటికి పోయేవాణ్ని. కానీ ఆమెతో మాటలు రాలేదు. ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ మొహమాటంగా ఉండేది. పొద్దు వాలే వేళకు నా చెయ్యి దానంతటదే ఫోన్ వైపు పోయేది. మనిషి ఇంట్లోనే ఉన్నా, ఆ గొంతు కోసం మనసు లాగేది.

ఆమెకూ ఒక లాగుడు ఉందని గమనించడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. ట్యాబ్‌ను ఎండ తగలని గూట్లో పెట్టేది. పూర్తిగా దిగిపోనిచ్చేది కాదు. నా ఫోన్‌లోంచి ఇంటర్నెట్ పట్టించి, సాయంత్రం కాగానే దాన్ని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునేది.

"ఎవురి కోసం?" అని అడిగాను.

"పాప చేస్తాదేమోనని." తలెత్తకుండానే చెప్పింది. "నడక నేర్పింది నేనే గదా."

ఆ తర్వాత కొన్నాళ్లకు నిజంగానే ఫోన్ వచ్చింది. నిండుగా జుట్టున్న పాప, స్క్రీన్‌కు మరీ దగ్గరగా మొహం పెట్టి అరబ్బీలో ఏదో చెబుతోంది. నా భార్య కూడా అదే భాషలో జవాబిస్తోంది. ఆ భాషలో ఆమె గొంతు నేనెప్పుడూ విననంత మెత్తగా ఉంది. ఉన్నట్టుండి పాప చెయ్యి చాపి "దా" అంది. తెలుగు మాట. మళ్లీ "దా, దా" అంది. నా భార్య నేర్పిన మాటే. నా భార్య నవ్వి, నవ్వుతూనే కొంగుతో మొహం తుడుచుకుంది. ఫోన్ పెట్టేశాక ఆ రోజు ఆమె అన్నం తినలేదు. నేను పక్కన కూర్చున్నాను.

తర్వాత తర్వాత ఆ ఫోన్లు తగ్గిపోయాయి. పాప బడిలో చేరిందట. ఒకటి రెండుసార్లు స్క్రీన్ మీదికి వచ్చినా సిగ్గుపడి పారిపోయింది. ఆమె మాత్రం సాయంత్రాలు ఎదురుచూడటం మానలేదు.

మొన్న ఎండలు తగ్గుముఖం పట్టాక మళ్లీ ట్యాబ్ మోగింది. ఈసారి స్క్రీన్ మీద పాప లేదు. ఎవరో కొత్తమనిషి, తల మీద ముసుగు, భయంభయంగా ఉంది.

"అక్కా, నేను ఈ ఇంట్లో కొత్తగా చేరినాను. మాది అనంతసాగరం దగ్గర. మీ నంబరు అమ్మగారిచ్చినారు" అంది. "పాప రాత్రుళ్లు నిద్దరపోడంలా అక్కా. నా దగ్గిరికే రాదు. మీ దగ్గిరయితే పడుకొనేదంట గదా."

నా భార్య ట్యాబ్‌ను గట్టిగా పట్టుకుంది. ఆమె ఏం చెబుతుందోనని నేను చూస్తున్నాను.

"పాలు గోరువెచ్చగా ఇయ్యి" అంది. "పడుకోబెట్టేటప్పుడు మాట్లాడించబాక. ఎడమ పక్కకు తిప్పి, వీపు మీద నిదానంగా నిమురు. నిద్దర పట్టిందని చెయ్యి తీసేయొద్దు, కొంచేపు అట్టనే ఉంచాల. చెయ్యి తీస్తే దానికి తెలిసిపోతాది."

"సరే అక్కా."

"ఇంకా, దాన్ని పిలవాలంటే పేరు పెట్టి పిలవబాక. దా అను. వస్తాది."

అవతలి మనిషి తలూపింది. ఎవరో పిలిచినట్టున్నారు, గబగబా పెట్టేసింది. నా భార్య ట్యాబ్‌ను గూట్లో పెట్టి వచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చుంది. ఆ పాపకు ఎడమ పక్కకు తిరిగి పడుకునే అలవాటు ఎలా వచ్చిందో, మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు తను ఎంత భయపడిందో చెప్పడం మొదలుపెట్టింది. ఆమె వచ్చాక ఇంత ఎడతెగకుండా మాట్లాడటం అదే మొదలు. చీకటిపడింది. లైటు వేయడానికి ఇద్దరిలో ఎవరమూ లేవలేదు.